అందరికీ నూటికి తొంభై, అయినా వయల్‌లో నూలుపోగు

ఆ కంప్లైంట్ ఫోటో ఇప్పటికీ గుర్తుంది. 10 ఎంఎల్ గాజు వయల్, నీళ్ళలా తేటగా ఉన్న మందు, అందులో వంకర తిరిగిన తెల్లటి నూలుపోగు ఒకటి. పొడవు రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. సిరంజిలోకి లాగబోతూ నర్సు చూసి పక్కన పెట్టింది కాబట్టి సరిపోయింది.

హైదరాబాద్ శివార్లలో ఇంజెక్షన్లు తయారుచేసే ఒక కంపెనీలో అప్పట్లో నేను ట్రైనింగ్, క్వాలిఫికేషన్ చూసేవాణ్ణి. కంపెనీ పేరు, మందు పేరు ఇక్కడ అనవసరం. ఫోటో వచ్చిన వారానికి దర్యాప్తు రిపోర్టు నా టేబుల్ మీదికి వచ్చింది. మూలకారణం: మానవ తప్పిదం. దిద్దుబాటు చర్య: మళ్ళీ ట్రైనింగ్. ఫార్మాలో పనిచేసినవాళ్ళకి ఈ రెండు ముక్కలూ కంఠతా వచ్చు. ఏ ఫైలు తిప్పినా చివరి పేజీలో ఇవే ఉంటాయి.

వయల్స్‌ని కంటితో చూసి చెడ్డవి ఏరేవాళ్ళని ఇన్‌స్పెక్టర్లు అంటాం. ఆ బ్యాచ్‌ని చూసిన ముగ్గురి ట్రైనింగ్ ఫైళ్ళు తెప్పించాను. ఎస్ఓపీ, అంటే పని ఎలా చేయాలో రాసిన పత్రం, చదివినట్టు సంతకం ఉంది. 20 ప్రశ్నల పేపర్‌లో 18, 19, 18 మార్కులు. మంచివాటిలో చెడ్డ వయల్స్ కలిపి పెట్టే టెస్ట్ కిట్‌లో ముగ్గురూ పాస్. ఎవరికి పని ఎంత వచ్చో చూపించే పట్టిక, గోడ మీది స్కిల్ మ్యాట్రిక్స్‌లో, వాళ్ళ పేర్ల ఎదురుగా గుండ్రాలన్నీ నిండుగా నల్లగా ఉన్నాయి. ఆ మాటకొస్తే లైన్‌లో ఉన్న 16 మందివీ నిండు గుండ్రాలే. ఒక్క ఖాళీ లేదు, ఒక్క సగం లేదు. ఇంటికి వచ్చిన మార్కుల కార్డులో అన్ని సబ్జెక్టులకీ ఒకే మార్కు ఉంటే తండ్రి ఎలా చూస్తాడో, ఆ మ్యాట్రిక్స్‌ని నేను అలా చూశాను.

మళ్ళీ ట్రైనింగ్ అంటే మళ్ళీ అదే ఎస్ఓపీ చదివించి, అదే పేపర్ రాయించి, అదే సంతకం పెట్టించడం. నూటికి తొంభై వచ్చినవాళ్ళకి ఈసారి తొంభై ఐదు వస్తాయి. పోగు మాత్రం మళ్ళీ దాటిపోతుంది. రిపోర్టు మీద సంతకం పెట్టకుండా ఒక నెల గడువు అడిగాను. చివరికి ఆరు నెలలు పట్టింది.

పని గురించి రెండు మాటలు

వినడానికి చాలా తేలిక పని. తెల్ల తెర, నల్ల తెర పక్కపక్కన ఉన్న చిన్న బూత్ ముందు కూర్చోవాలి. వయల్‌ని మెల్లగా తిప్పి తెల్ల తెర ముందు 5 సెకన్లు, నల్ల తెర ముందు 5 సెకన్లు చూడాలి. యూరప్‌లో మందుల ప్రమాణాల పుస్తకం, యూరోపియన్ ఫార్మకోపియా, 2.9.20లో చెప్పేది ఇదే. వయల్ దగ్గర వెలుతురు 2000 నుంచి 3750 లక్స్ మధ్య ఉండాలి. అమెరికా ఫార్మకోపియా 790వ అధ్యాయం కూడా అదే దారి. నల్ల రేణువులు, రబ్బరు తునకలు తెల్ల తెర మీద తేలతాయి. గాజు తునకలు, తెల్ల పోగులు నల్ల తెర మీద మెరుస్తాయి. ఒక్క వయల్ కూడా వదలకుండా అన్నీ చూడాలి. మెషీన్లు వచ్చాయి గానీ, ఆ మెషీన్ బాగా చూస్తోందా లేదా అని తేల్చడానికి పోలిక పెట్టేది మళ్ళీ మనిషి కన్నుతోనే.

కంటికి ఒక హద్దుంది. అమెరికా ఫార్మకోపియా 1790వ అధ్యాయంలో దాని లెక్క ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 10 ఎంఎల్ తేట వయల్‌లో 50 మైక్రాన్ల రేణువు దాదాపు ఎవరికీ దొరకదు. 100 మైక్రాన్లదయితే పదిసార్లు చూస్తే నాలుగుసార్లు దొరుకుతుంది. 150 దగ్గర ఏడుసార్లు. 200 దాటితే తొమ్మిదికి పైనే. అదే మనిషి, అదే వయల్, పొద్దున దొరికింది సాయంత్రం దొరకదు. అందుకని ఈ పనిలో వచ్చు, రాదు అని రెండు గళ్ళు గీసుకుంటే ఏమీ తేలదు. ఎన్నిసార్లు చూస్తే ఎన్నిసార్లు పట్టుకున్నారు అన్నదొక్కటే లెక్క. మా రాత పరీక్షలో ఉన్న ప్రశ్న ఏమిటంటే, "ప్రతి తెర ముందు ఎన్ని సెకన్లు చూడాలి?" అందరూ 5 అనే రాశారు. ఈత వచ్చా అని అడిగి చెరువు లోతు చెప్పించుకున్నట్టుంది.

అమెరికా మందుల తయారీ నిబంధన 21 సీఎఫ్ఆర్ 211.25లో పని మనిషికి ఉండాల్సినవి చెబుతూ చదువు, శిక్షణ, అనుభవం, లేదా వీటి కలయిక అంటుంది. మన ఫైళ్ళలో మొదటి రెండింటికీ సర్టిఫికెట్లు ఉంటాయి, మూడోదానికి జాయినింగ్ తేదీ ఉంటుంది. ఆ మూడూ కలిసి ఆ పని చేయగలిగే స్థితికి వచ్చాయా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. యూరప్ మందుల తయారీ నియమాల (జీఎంపీ) రెండో అధ్యాయం మాత్రం ట్రైనింగ్ ఫలితం పనిలో కనబడుతోందా అని అప్పుడప్పుడూ చూడమంటుంది. మేమూ చూస్తున్నామనే అనుకున్నాం, మాకు కిట్ ఉంది కదా అని.

37వ నంబరు

ఆ కిట్ సంగతి చెప్పాలి. ట్రేలో 100 వయల్స్, వాటిలో 20 చెడ్డవి. మూడేళ్ళుగా అవే వయల్స్. అడుగున చిన్న స్టిక్కర్ మీద నంబర్లు. ఒక అమ్మాయి కిట్ పరీక్షకి కూర్చుంటే వెనక నిలబడ్డాను. చక్కగా తిప్పుతోంది, చూస్తోంది. 37 చేతిలోకి వచ్చింది. తిప్పలేదు. తెర వైపు ఎత్తనైనా లేదు. నేరుగా రిజెక్ట్ ట్రేలో పెట్టేసింది.

"అదేంటమ్మా, చూడకుండానే?"

"37లో పోగుంటుంది కదా సార్," అంది, పాపం ఈయనకి తెలీదేమో అన్నట్టు.

ఆ వయల్ తీసుకుని నేనే చూశాను. తిప్పాను, బోర్లించాను, పది నిమిషాలు చూశాను. పోగు లేదు. మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్తే అప్పుడు బయటపడింది. ఎప్పుడో పైకి తేలి రబ్బరు స్టాపర్ కింది అంచుకి అతుక్కుపోయింది. బూత్ ముందు కూర్చున్న ఏ కంటికీ అది దొరికే వీలు లేదు. అయినా రెండేళ్ళుగా అందరూ "పట్టుకుంటూ"నే ఉన్నారు. రికార్డులు తిరగేస్తే పోయిన నెల ఒక కొత్త అమ్మాయి 37ని మంచి ట్రేలో పెట్టి మార్కు పోగొట్టుకుంది. ఆ కిట్ ముందు నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

మిగతా 19 చెడ్డ వయల్స్‌నీ ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టాం. కొన్నింటిలో రేణువు గాజుకి అంటుకుపోయింది. ఒకదాంట్లో అసలేమీ లేదు, కరిగిపోయిందో ఏమో. ఇంకో తమాషా ఏమిటంటే, మంచి వయల్‌ని పొరపాటున చెడ్డదనుకుని తీసేస్తే ఈ పరీక్షలో మార్కు పోదు. కాబట్టి అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ రిజెక్ట్‌లో పడేస్తే ఎవరైనా పాసే.

నైపుణ్యం కొలిచే ముందు కొలబద్దని కొలవాలని మేమెవరమూ అనుకోలేదు. వెయింగ్ బ్యాలెన్స్‌కి రోజూ పొద్దున్నే తూకపు రాళ్ళు పెట్టి చెక్ చేస్తాం. మనుషుల్ని తూచే కిట్‌ని మూడేళ్ళు ముట్టుకోలేదు.

కొత్త కిట్ కట్టడం

1980లో నాప్, కుష్నర్ అనే ఇద్దరు ఈ చిక్కుకి ఒక పద్ధతి చెప్పారు. రంగంలో అందరూ నాప్ టెస్ట్ అంటారు. ఒక వయల్ చెడ్డదా మంచిదా అని ముందే తీర్పు చెప్పకుండా, పలువురి చేత పలుమార్లు చూపించి, ఎన్నిసార్లు రిజెక్ట్ అయిందో లెక్కపెట్టాలి. పదికి ఏడు, ఆపైన రిజెక్ట్ అయితే అది రిజెక్ట్ జోన్. మూడు లోపు అయితే యాక్సెప్ట్ జోన్. మధ్యలోది గ్రే జోన్. గ్రే జోన్ వయల్ పట్టుకోలేదని ఎవరినీ తప్పు పట్టకూడదు. రిజెక్ట్ జోన్‌వి ఎన్ని పట్టుకున్నారన్నదే అసలు మార్కు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, అందులో మేమూ ఒక కాలు పెట్టాం. మొదట మా 16 మంది చేతే కొత్త వయల్స్ చూపించి జోన్లు విడగొడదామనుకున్నాం. లైన్ మొత్తానికీ తెల్ల పోగులు పట్టుకోవడం సరిగ్గా రాదనుకోండి, అప్పుడు పోగున్న వయల్స్ అన్నీ గ్రే జోన్‌లోకి జారిపోతాయి. పోగులు పరీక్షలోంచే మాయం. అందరూ మళ్ళీ పాస్. లైన్ బలహీనత ఎక్కడుందో సరిగ్గా అక్కడే కిట్‌కి చూపు పోతుంది. క్వాలిటీ కంట్రోల్‌లో ఒక కుర్రాడు మీటింగ్‌లో ఈ మాట అనేదాకా నాకు తట్టలేదు.

అందుకని లైన్‌తో సంబంధం లేని ఐదుగురిని వేరే బ్లాకు నుంచి తెచ్చి, కొలిచిన వెలుతురులో, తొందర లేకుండా, ఒక్కొక్కరి చేత ఒక్కో వయల్‌ని 10 సార్లు చూపించాం. వయల్‌కి 50 చూపులు. 35, ఆపైన రిజెక్ట్ అయినవి తీసుకున్నాం. రేణువుల సైజు మైక్రోస్కోపు కింద కొలిచి రాసుకున్నాం. లైన్‌లో నిజంగా వచ్చే రిజెక్టుల్లోంచే ఎక్కువ ఏరాం, దొరకనివి మాత్రం ల్యాబ్‌లో తయారుచేశాం. చివరికి 250 వయల్స్: 25 చెడ్డవి, 225 మంచివి. స్టిక్కర్లు తీసేసి యూవీ ఇంకుతో కోడ్ వేశాం, మామూలు వెలుతురులో కనబడదు. ప్రతి పరీక్షకి ముందు ట్రేలో వరుస మార్చాలి. 225 మంచివాటిలో 11 మించి పక్కన పెడితే కూడా ఫెయిలే అని నిబంధన పెట్టాం. గాజు పగులు లాంటి క్రిటికల్ లోపం ఒక్కటి వదిలినా ఫెయిల్.

ఇంకో నిర్ణయం. ప్రతి ఒక్కరూ మూడుసార్లు రాయాలి: షిఫ్ట్ మొదట్లో ఒకటి, భోజనం తర్వాత ఒకటి, బస్సు వచ్చే ముందు చివరి గంటలో ఒకటి. యూరప్ జీఎంపీలో 2022లో వచ్చిన కొత్త అనెక్స్ 1 కూడా అలసట లాంటి గడ్డు పరిస్థితులు పరీక్షలో ఉండాలనే అంటుంది. అంతకుముందు మా పరీక్షలన్నీ పొద్దున తొమ్మిదిన్నరకి, టీ తాగాక జరిగేవి.

16 మందిలో ఏడుగురు తప్పారు

మూడు వారాలు పట్టింది. తొమ్మిది మంది పాస్, ఏడుగురు ఫెయిల్. ఇద్దరు మరీ జాగ్రత్తపరులు, బుడగని కూడా రేణువే అనుకుని మంచి వయల్స్ ఏరి పారేశారు. ఐదుగురు చెడ్డవి వదిలేశారు. ప్రొడక్షన్ వాళ్ళు వెంటనే ఆ ఏడుగురి పేర్లూ అడిగారు. నేను ఇవ్వలేదు. పేర్ల పక్కన మార్కులు వేసిన కాగితం ఒకసారి బయటికి పోతే, ఇక ఆ కాగితం మీదే చర్చ ఆగిపోతుంది.

పేర్లు పక్కన పెట్టి, అవే అంకెల్ని మూడు రకాలుగా పేర్చాను. లోపం రకాన్ని బట్టి, రోజులో సమయాన్ని బట్టి, కూర్చున్న బూత్‌ని బట్టి. ఈ మూడో పేర్పు మొదట నాకు తట్టలేదు, ఎవరు ఎక్కడ కూర్చున్నారో షీట్‌లో ఉంది కదా అని ఊరికే చేశాను. చూస్తే వయల్స్ వదిలేసిన ఐదుగురిలో ముగ్గురు 5, 6 నంబరు బూత్‌లలోనే కూర్చున్నారు. లక్స్ మీటర్ పెడితే రెండింటిలోనూ 2000 రావడం లేదు. ట్యూబులు వెలుగుతూనే ఉన్నాయి కాబట్టి ఎవరూ మార్చలేదు. మెయింటెనెన్స్ షెడ్యూల్‌లో ట్యూబు మాడిపోతే మార్చాలని ఉంది, మసకబడితే మార్చాలని లేదు. ట్యూబులు మార్చి అదే ముగ్గురి చేత మళ్ళీ రాయిస్తే ఇద్దరు పాసయ్యారు. మానవ తప్పిదం అని రాసిన రిపోర్టులో ఆ వాక్యం నా చేత్తోనే కొట్టేశాను.

నాలుగో ఆవిడ సంగతి వేరు. నలభై దాటిన మనిషి, తొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఏటా కంటి పరీక్ష జరుగుతుంది, ఫైల్లో అంతా బాగానే ఉంది. మాట్లాడుతూ ఉంటే మెల్లగా బయటపడింది. చార్టులో అక్షరాలు ఆమెకి బట్టీ వచ్చు. దగ్గరి చూపు తగ్గి రెండేళ్ళయింది. బయట డాక్టరు కళ్ళద్దాలు రాశాడు, చేయించుకుంది, బ్యాగులో పెట్టుకుని వస్తుంది, పెట్టుకోదు.

"అద్దాలుంటే లైన్‌లోంచి తీసేస్తారని అన్నారు సార్. ఇన్‌స్పెక్షన్ అలవెన్స్ పోతుంది కదా."

అద్దాలు పెట్టుకునే పరీక్ష రాయొచ్చని, మామూలుగా వాడే అద్దాలతోనే క్వాలిఫై కావాలని నిబంధనే ఉంది. ఆ మాట ఎస్ఓపీ పదకొండో పేజీలో ఇంగ్లీషులో ఉంది. ఆమె సంతకమూ ఆ పేజీ కిందే ఉంది. అద్దాలు పెట్టుకుని రాసింది, సునాయాసంగా పాసయింది. జీతాన్ని పరీక్షకి ముడిపెడితే మనుషులు పరీక్షనే నేర్చుకుంటారు. అలవెన్స్‌ని క్వాలిఫికేషన్‌తో కలిపింది హెచ్ఆర్, సరే. కానీ ఆ ముడి వల్ల నా కొలత చెడుతుందని ముందే ఊహించాల్సింది నేను.

గోడ మీద రెండు కాగితాలు

సమయాన్ని బట్టి పేర్చినప్పుడు ఇంకో సంగతి తేలింది. చివరి గంటలో పాసైనవాళ్ళు కూడా జారుతున్నారు, ఎక్కువగా తెల్ల పోగుల దగ్గర. అలసట అనేసి ఊరుకోవచ్చు. అలసటైతే అన్ని రకాలూ సమానంగా జారాలి కదా. నల్ల రేణువుల దగ్గర ఎందుకు జారడం లేదు?

ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి స్టాప్‌వాచ్ పట్టుకుని గాజు తలుపు బయట నిలబడ్డాను. రెండు రోజులు నిలబడ్డాను. తెల్ల తెర ముందు నాలుగు సెకన్లు. నల్ల తెర ముందు రెండు. సాయంత్రం అయ్యేకొద్దీ నల్ల తెర వంతు ఇంకా తగ్గిపోతోంది. తెల్ల తెర ఎడమ పక్కన ఉంది, చూపు అక్కడ మొదలవుతుంది. తొందర ఎప్పుడూ రెండోదాని మీదే పడుతుంది.

తొందర ఎందుకంటే, గోడ మీద బోర్డు ఉంది: గంటకి 400. దాని పక్కనే ఎస్ఓపీ పోస్టర్: తెల్ల తెర 5 సెకన్లు, నల్ల తెర 5 సెకన్లు. గంటకి 3600 సెకన్లు. 400తో భాగిస్తే వయల్‌కి 9 సెకన్లు. చూడడానికే 10 కావాలి. తీసి, తిప్పి, పెట్టడానికి ఇంకో రెండు. ఆ రెండు కాగితాలూ ఒకే గోడ మీద ఎన్నేళ్ళుగా ఉన్నాయో ఎవరికీ గుర్తు లేదు. ఆ గోడ ముందు నుంచి రోజూ నడిచి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇన్‌స్పెక్టర్లకి మాత్రం ఆ లెక్క ఎప్పుడో తెలుసు. వాళ్ళు అడిగితే వచ్చిన జవాబు, "ఎలాగో అడ్జస్ట్ చేసుకోండి."

ప్రొడక్షన్ హెడ్‌తో మీటింగ్ అంత సాఫీగా జరగలేదు.

"ఇన్నాళ్ళూ నడిచింది కదా, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?"

"నడవలేదు సార్. నడిచినట్టు రాసుకున్నాం."

ఆయన ముందు రెండు అంకెలు పెట్టాను. 20,000 వయల్స్ బ్యాచ్‌కి గంటకి 400 చొప్పున 50 పనిగంటలు. వయల్‌కి 12 సెకన్లు, గంటకి ఐదు నిమిషాల విరామం అనుకుంటే గంటకి 275 అవుతాయి, బ్యాచ్‌కి దాదాపు 73 పనిగంటలు. 23 గంటలు ఎక్కువ. ఆయన మొహం మారింది. అప్పుడు మూడో అంకె చెప్పాను: చూసేసిన బ్యాచ్‌లోంచి కొన్ని వయల్స్ తీసి మళ్ళీ చూసే ఏక్యూఎల్ శాంపిల్‌లో బ్యాచ్ తప్పితే 20,000 మళ్ళీ మొదటి నుంచి చూడాలి, అంటే ఇంకో 50. ఆ ఏడాది అలా ఎన్ని బ్యాచ్‌లు తిరిగి చూశారో ఆయన రిజిస్టర్‌లోనే ఉంది. ఆయన ఆ రిజిస్టర్ తెప్పించుకుని చాలాసేపు చూశాడు. బోర్డు మీద 400 చెరిపి 275 రాయడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది గానీ, రాశారు. తెరల వరుస కూడా కొన్ని బూత్‌లలో మార్చాం, నల్ల తెర మొదట వచ్చేలా. అప్పటికి ఈ మొత్తం కేసులో ట్రైనింగ్ అనదగ్గది ఇంకా మొదలే కాలేదు.

పెద్దక్క చెప్పింది

అందరికంటే ఎక్కువ పట్టుకున్న మనిషిని లైన్‌లో పెద్దక్క అంటారు. మూడు కిట్ పరీక్షల్లోనూ రిజెక్ట్ జోన్‌వి దాదాపు అన్నీ దొరికాయి, మంచివాటిని తీసేసింది నాలుగో ఐదో. రాత పరీక్షలో మాత్రం ఆమెవి అందరికంటే తక్కువ మార్కులు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి, పక్కన కూర్చున్న అమ్మాయి చదివి చెబుతుంది.

ఎలా చూస్తావని అడిగాను. "చూస్తాను సార్, అంతే," అంది. పని బాగా వచ్చినవాళ్ళని ఎలా చేస్తావని అడిగితే ఎప్పుడూ ఇదే జవాబు. అందుకని అడగడం మానేసి పక్కన కూర్చున్నాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో టీడబ్ల్యూఐ అని ఒక పద్ధతి వాడారు. పనిని ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ మెళకువ ఏమిటి, ఆ మెళకువ ఎందుకు అని రాసుకోవడం. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆమె చేతులే చూశాను.

మిగతావాళ్ళు వయల్‌ని ఊపుతారు. ఆమె ఊపదు. మెడ దగ్గర మూడు వేళ్ళతో పట్టుకుని, మణికట్టు నుంచి ఒక్క తిప్పు తిప్పి ఠక్కున ఆపేస్తుంది. గాజు ఆగుతుంది, లోపల మందు ఇంకా తిరుగుతూ ఉంటుంది. ఆ రెండు మూడు సెకన్లే ఆమె చూసేది. అప్పటిదాకా కళ్ళు వయల్ మీద ఉన్నా ఆమె చూడదు.

"ఆపాక ఏది ఆగదో అదే సార్," అంది. "గాజు మీద మరక ఉందనుకోండి, గాజుతో పాటే ఆగిపోతుంది. లోపల ఉన్నది ఆగదు. బుడగైతే పైకి పోతుంది. గాజు ముక్క కిందికి పోతుంది, మధ్యలో చేరి మెరుస్తుంది. పోగు బద్ధకంది, ఎటూ పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. దానికి కొంచెం ఆగాలి."

ఇంట్లో చేటలో బియ్యం ఏరినట్టా అని అడిగాను, గొప్ప పోలిక దొరికిందనుకుని. నవ్వేసింది. "బియ్యంలో రాయి కదలదు కదా సార్. ఇక్కడ కదిలేదాన్నే పట్టుకోవాలి. అది వేరు, ఇది వేరు."

ఎస్ఓపీలో ఉన్న వాక్యం: వయల్‌ను మృదువుగా తిప్పి పరిశీలించవలెను. ఎందుకు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో, ఆపాక ఏం చూడాలో అందులో లేదు. గట్టిగా ఊపితే బుడగలు పుడతాయి, ఆ బుడగల్లో పడి ఇద్దరు జాగ్రత్తపరులు మంచి వయల్స్ తీసేశారు. వాళ్ళని కంటి పరీక్షకి పంపబోయాం, చిక్కు మణికట్టులో ఉంది.

ఆమె మాటల్నే తెలుగులో ఒక పేజీ కార్డుగా చేశాం. తిప్పు, ఆపు, ఆగనిదాన్ని చూడు. రెండు వారాలు పెద్దక్క పక్కన ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాం. నేర్పించేటప్పుడు ఆమె మొదట్లో తడబడింది, కొంచెం కోప్పడింది కూడా. పట్టుకోవడం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. నాలుగో రోజుకి ఆమె సొంత పద్ధతి కనిపెట్టింది. ముందు చెడ్డ వయల్ చూపించి, ఎక్కడుందో చెప్పి, అది కదిలే తీరు కళ్ళకి అలవాటయ్యేదాకా పదిసార్లు తిప్పించేది. ఆ తర్వాతే దాన్ని మంచివాటిలో కలిపేది.

గుండ్రాలు చెరిపేశాం

మ్యాట్రిక్స్‌లో ఒక మనిషికి ఒకే గుండ్రం తీసేసి, లోపం రకానికొకటి పెట్టాం: గాజు, పోగు, నల్ల రేణువు, సీల్, పగులు. పౌడర్ వయల్స్‌కి వేరే వరుస, ఎందుకంటే అక్కడ తిప్పినా ఏదీ తిరగదు. గడ్డకట్టించి ఆరబెట్టిన మందులో పైపైన ఉన్నదే కనబడుతుంది, అది వేరే చూపు. మొదటిసారి గోడ మీద సగం గుండ్రాలు వచ్చాయి. మేనేజ్‌మెంట్‌లో ఒకరు, "ఆడిటర్ చూస్తే బాగుండదేమో," అన్నారు. ఆడిటర్‌కి అనుమానం రావలసింది అన్నీ నిండుగా ఉన్నప్పుడు. ఆ మాట గట్టిగా అనలేదు లెండి, మెల్లగానే అన్నాను.

రెండో విడత పరీక్షలో 16 మందిలో 14 మంది పాస్. ఈ అంకెని నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. కిట్‌లో పదింట ఒకటి చెడ్డది, నిజం లైన్‌లో అంతకంటే చాలా తక్కువ. 2005లో జెరెమీ వుల్ఫ్, ఆయన తోటివాళ్ళు నేచర్ పత్రికలో చూపించిన సంగతి ఇది: వెతికే వస్తువు సగం సార్లు ఉంటే మనుషులు 7 శాతం వదిలేశారు, నూటికి ఒక్కసారే ఉంటే 30 శాతం వదిలేశారు. అరుదైనదాన్ని కన్ను అంత తేలిగ్గా వదిలేస్తుంది. నిజం బ్యాచ్‌లో చెడ్డ వయల్స్ కలిపి చూద్దామా అన్న ఆలోచన వచ్చింది, క్వాలిటీ అస్యూరెన్స్ వాళ్ళు ఒప్పుకోలేదు, వాళ్ళదే న్యాయం. ఒక్కటి మర్చిపోయి మార్కెట్‌కి పోతే ఇంకేముంది. కాబట్టి కిట్ మార్కుని పైహద్దుగా మాత్రమే తీసుకుని, ఏక్యూఎల్‌లో ఏ బ్యాచ్ ఎందుకు తప్పుతోందో ప్రతి నెలా రకాల వారీగా చూడడం మొదలుపెట్టాం. పోగుల వల్ల తిరిగొచ్చే బ్యాచ్‌లు తగ్గాయి. కంప్లైంట్లు తగ్గాయా అని అందరూ అడుగుతారు. ఏడాదికి ఒకటో రెండో వచ్చేవాటి మీద తగ్గింది, పెరిగింది అని చెప్పడం అంకెలతో ఆటాడినట్టు అవుతుంది.

మిగిలిన ఇద్దరిలో ఒకరు మూడోసారికి పాసయ్యారు. ఇంకొక అమ్మాయికి రాలేదు. వెలుతురు బాగుంది, కళ్ళు బాగున్నాయి, పెద్దక్క పక్కన మూడు వారాలు కూర్చుంది, తిప్పడం వచ్చింది. అయినా చివరి గంటలో జారిపోతోంది. ఎందుకో కనుక్కోలేకపోయాను. ఇంట్లో చంటిపిల్ల ఉంది, రాత్రిళ్ళు నిద్ర ఉండదని తర్వాత ఎవరో అన్నారు, అదే కారణమో కాదో చెప్పలేను. ఆమెని ప్యాకింగ్‌కి మార్చారు. మూడు నెలలు అలవెన్స్ ఆపకుండా ఉంచమని హెచ్ఆర్‌ని బతిమాలితే ఒప్పుకున్నారు, ఆ తర్వాత పోయింది. పరీక్ష మొదలుపెట్టే రోజు తప్పితే ఏమవుతుందో ఆ 16 మందికీ కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు ఏ కంపెనీకి వెళ్ళినా మొదటి మీటింగ్ దాని మీదే పెడుతున్నాను.

ఆరు నెలల తర్వాత ఒకరోజు క్యాంటీన్‌లో వెనక బల్ల దగ్గర మాటలు చెవిన పడ్డాయి. "సీల్ మీద అడ్డగీత ఉన్నదాంట్లో గాజుంటుంది." యూవీ ఇంకు కనబడకపోయినా సీల్ మీద గీత కనబడుతుంది కదా. అదే సాయంత్రం ఆ వయల్ తీసేశాం, రెండో కిట్ కట్టడం మొదలుపెట్టాం. ఈసారి పెద్దక్కని పరీక్ష రాసేవాళ్ళ జాబితాలోంచి తీసి మైక్రోస్కోపు పక్కన కూర్చోబెట్టాం. ఒక్కొక్క వయల్ తిప్పి, ఆపి, చూసి, అటో ఇటో పెడుతోంది. ఒకదాన్ని నాలుగైదుసార్లు తిప్పి నా చేతికిచ్చింది.

"ఇందులో ఏదో ఉందంటున్నారు గానీ నాకే కనబడటం లేదు సార్. దీనికి మార్కులు పెట్టకండి."